ఎగిరితే సరే... దిగేదెలా?

హీరో ఒక్క తన్ను తంతే విలన్ ముప్పై అడుగుల దూరంలో పడతాడు. చెట్టు వంచి వదిలితే సైనికులు కోటగోడ దాటేస్తారు. మేడ మీంచి జారిపడిన హీరోయిన్ సుతారంగా హీరో చేతుల్లో వాలిపోతుంది. ఇవన్నీ నిజంగా సాధ్యమేనా? లెక్కలు తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఓ ఆదివారం సాయంత్రం వాడరేవు తీరంలో కూర్చుంటే చాలు.

పొద్దు వాలుతోంది. బజ్జీల బండి దగ్గర నూనె చిటపటలాడుతోంది. చీరాల నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చిన కుటుంబాలు ఇసుకలో చాపలు పరుచుకున్నాయి. కాస్త అవతల నలుగురు కుర్రాళ్లు సినిమా తీస్తున్నారు. ఒకడు సెల్‌ఫోన్ పట్టుకున్నాడు. ఇంకొకడు పదడుగులు వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి స్నేహితుడి ఛాతీమీద కాలు మోపాడు. తన్నించుకున్నవాడు పాపం చేతనైనంత నటించి వెనక్కి ఎగిరాడు. ఎంత దూరం? గట్టిగా నాలుగడుగులు. తన్నినవాడు కూడా ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. 'మళ్లీ తీద్దాంరా' అన్నాడు ఫోను పట్టుకున్నవాడు.

వాళ్లకు వంద గజాల దూరంలో మత్స్యకారులు అలివి వల లాగుతున్నారు. తాడుకు అటో పదిమంది, ఇటో పదిమంది. మడమలు ఇసుకలో పాతి, ఒళ్లు వెనక్కి వాల్చి, ఒకే ఊపులో లాగుతున్నారు. ఒక్క హీరో చేత్తో జీపును ఆపేస్తుంటే, ఒక్క వల లాగడానికి ఇరవై మంది ఎందుకు? ఆ కుర్రాళ్ల సినిమా ఎందుకు కుదరడం లేదో చెప్పే జవాబు ఆ తాడు దగ్గరే ఉంది.

వాడ అంటే ఓడే

చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు తూర్పుకు వస్తే వాడరేవు. 'వాడ' అన్నా 'ఓడ' అన్నా ఒకటే. పూర్వం ఓడలు ఆగిన రేవు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు లైట్‌హౌసూ, ఇసుకమీద వరసగా ఫైబర్ బోట్లూ, వలలు బాగుచేసుకునే మనుషులూ కనిపిస్తారు. ఈ ప్రాంతం 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లాలు మారినా వెనకనున్న నేల మారలేదు. తీరం దాటి పడమటికి పోతే పత్తి చేలు, మిరప కల్లాలు.

సినిమాకూ ఈ నేలకూ చుట్టరికం ఉంది. చీరాల దగ్గరున్న కారంచేడు నిర్మాత డి.రామానాయుడు పుట్టిన ఊరు. తెలుగు సినిమాల్లో ఎన్నో పోరాటాలకు రూపమిచ్చిన కవల ఫైట్ మాస్టర్లు రామ్-లక్ష్మణ్‌లదీ ఆ కారంచేడే. అంటే తెరమీద మనుషుల్ని గాల్లోకి లేపే విద్యలో ఆరితేరినవాళ్లు ఈ సముద్రపు గాలి సోకే దూరంలోనే పుట్టి పెరిగారన్నమాట.

తన్నులో ఎంత బలం?

ముందు ఆ కుర్రాళ్ల తన్ను సంగతే చూద్దాం. తన్నేవాడూ తన్నించుకునేవాడూ చెరో 80 కిలోలు అనుకుందాం. తన్నేవాడు సెకనుకు 6 మీటర్ల వేగంతో దూసుకొచ్చాడు. ఇసుకలో అది మంచి పరుగే. ఢీకొన్నాక ఆ వేగాన్ని ఇద్దరూ పంచుకోవాలి. ఒక్కొక్కరికీ దక్కేది 3 మీటర్లు. ఆ వేగంతో వెనక్కి పడేవాడు నేలను తాకడానికి అర సెకను కూడా పట్టదు. ఆలోపు అతను పోయే దూరం నాలుగైదు అడుగులు. కుర్రాళ్ల వీడియోలో కనిపించింది సరిగ్గా అదే!

మరి సినిమాలోలా ముప్పై అడుగులు పడాలంటే? విలన్ సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో లేవాలి. తన్ను తగిలేది సెకనులో పదో వంతు అనుకుంటే, ఆ కాసేపట్లో హీరో కాలు 800 కిలోల బరువంత బలంతో తోయాలి. తోశాడే అనుకుందాం. తొమ్మిదో తరగతి పుస్తకంలో న్యూటన్ మూడో సూత్రం ఊరుకోదు కదా. చర్య ఎంతో ప్రతిచర్య అంత. హీరో కూడా అంతే వేగంతో అటువైపు ఎగిరిపోవాలి. ఆగాలంటే అతని రెండో కాలిని నేల పట్టుకోవాలి. నేల ఎంత పట్టుకుంటుంది? వల లాగేవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఇసుకలో మడమ పాతి, ఎంత వెనక్కి వాలినా ఒక మనిషి లాగగలిగేది తన బరువులో సగం, మహా అయితే ముప్పావు వంతు. అంతకు మించితే కాలు జారుతుంది. కండబలం ఎంతున్నా కాలికింద పట్టు ఉన్నంతవరకే పనికొస్తుంది. తాడుకు ఇరవై మంది ఎందుకో అర్థమైంది కదూ!

ఇదే లెక్కను రైలుకు వేస్తే మరీ సరదాగా ఉంటుంది. 2003లో వచ్చిన 'పల్నాటి బ్రహ్మనాయుడు'లో హీరో బాలకృష్ణ సైగ చేస్తే రైలు వెనక్కి నడిచిన దృశ్యం తెలియనివారుండరు. చీరాల మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ ఒకటి వెయ్యి టన్నులుందనీ, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తోందనీ అనుకుందాం. దాన్ని వంద మీటర్లలో ఆపాలంటే దాదాపు 140 టన్నుల బరువంత బలం కావాలి. ఒక్కొక్కరు 45 కిలోల చొప్పున లాగినా మూడు వేల మంది పైచిలుకు కావాలి. అదీ ఆపడానికే. వెనక్కి నడిపించడానికి కాదు.

తూటా సంగతీ అంతే. తుపాకీ పేలగానే విలన్ అద్దాలు బద్దలుకొట్టుకుని వెనక్కి ఎగిరిపోతాడు. 8 గ్రాముల తూటా సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చి ఒంట్లో ఆగిపోయినా 80 కిలోల మనిషికి అది ఇచ్చే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లే. అమెరికాలో 2003లో మొదలైన 'మిత్‌బస్టర్స్' అనే టీవీ కార్యక్రమంలో బొమ్మల్ని కాల్చి చూసి మరీ ఈ సంగతి తేల్చారు. తూటా ప్రాణం తీస్తుంది తప్ప మనిషిని విసిరేయదు.

పత్తి లారీయా... మిర్చి లారీయా?

ఇప్పుడు దూకుడు సంగతి. హీరో మూడో అంతస్తు నుంచి దూకుతాడు. పది మీటర్ల ఎత్తు అనుకుందాం. నేలను చేరడానికి పట్టేది సెకనున్నర కన్నా తక్కువ. అప్పటి వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. గాల్లో ఉన్నంతసేపూ ఎవరికీ దెబ్బ తగలదు. దెబ్బంతా ఆగడంలోనే ఉంది.

దీనికో తేలికైన లెక్కుంది. పిల్లలు కూడా వేసుకోవచ్చు. పడిన ఎత్తును, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. వచ్చిన అంకె ఎంతో, ఒంటిమీద సుమారుగా మన బరువుకు అన్ని రెట్లు భారం పడుతుంది. సిమెంటు నేలమీద మోకాళ్లు పూర్తిగా మడిచి అర మీటరులో ఆగాడనుకోండి. పదిని అరతో భాగిస్తే ఇరవై. 70 కిలోల మనిషి కాళ్లమీద టన్నూ నాలుగు వందల కిలోలు! మోకాళ్లు మడవకపోతే చెప్పనే అక్కర్లేదు.

అదే హీరో చీరాల రోడ్డుమీద పోతున్న లారీలోకి దూకాడనుకుందాం. అందులో విడిపత్తి నిండుగా ఉంటే రెండు మీటర్లు లోపలికి దిగిపోతాడు. భారం ఐదు రెట్లే. అదీ వీపంతా పరుచుకుని పడుతుంది. లేచి దులుపుకుని పోవచ్చు. అదే గుంటూరు యార్డుకు పోయే మిర్చి టిక్కీల లారీ అయితే? బస్తా ఓ ఇరవై సెంటీమీటర్లు అణిగితే గొప్ప. అప్పుడు భారం యాభై రెట్లు, అంటే మూడున్నర టన్నులు. ఇక జిన్నింగు మిల్లులో నొక్కి కట్టిన 170 కిలోల పత్తి బేలుమీద పడితే రాయిమీద పడినట్టే. పత్తి ఒకటే, పడే మనిషీ ఒకడే. ప్రాణం ఉంటుందా పోతుందా అన్నది అది ఎంత లోతుకు అణిగిందన్న దాన్నిబట్టే.

హీరోయిన్‌ను చేతుల్లో పట్టుకోవడం కూడా ఈ లెక్కకు తప్పించుకోలేదు. 50 కిలోల అమ్మాయి పది మీటర్ల నుంచి పడుతోంది. హీరో చేతులు అర మీటరు కిందికి వంగాయి. మళ్లీ ఇరవై రెట్లే. చేతుల్లో టన్ను బరువు. పట్టుకున్నవాడి భుజాలూ దక్కవు, పడిన పిల్ల వెన్నూ దక్కదు. నేలకు బదులు చేతులు వచ్చాయంతే.

చెట్టు విసిరితే...

2017లో వచ్చిన 'బాహుబలి 2' చూసి బయటికొచ్చినవాళ్లంతా ఒకటే మాట్లాడుకున్నారు. తాటిజాతి చెట్లను వంచి, డాళ్లు చుట్టూ అడ్డుపెట్టుకున్న సైనికులతో సహా హీరో మాహిష్మతి కోటలోకి ఎగరడం. తాటితోపులకు కొదవలేని ఈ తీరంలో దాన్ని లెక్కకట్టకపోతే ఎలా?

గోడ 30 మీటర్లు అనుకుందాం. అంతెత్తు ఎగరాలంటే చెట్టును వదిలేటప్పుడు గంటకు 87 కిలోమీటర్ల వేగం కావాలి. వంచిన చెట్టు కొన పది మీటర్లు తోసుకుంటూ వస్తుందనుకుంటే సైనికుడి ఒంటిమీద పడే భారం అతని బరువుకు నాలుగు రెట్లు. పెద్ద పెద్ద రోలర్‌కోస్టర్లలో జనం డబ్బులిచ్చి అనుభవించే భారం అది. తట్టుకోవచ్చు. ఆరుగురిని విసరాలంటే చెట్టును వంచేటప్పుడు చివర్లో నాలుగు టన్నుల బలంతో లాగాలి. తొంభై మంది తాడు పట్టుకుంటే చాలు. మాను తన బరువును కూడా తానే విసరాలి కనుక ఇంకొందరు కావాలనుకున్నా, రాజ్యంకోసం పోరాడే సైన్యానికి అదో లెక్క కాదు. అనుమానమల్లా చెట్టుమీదే. తుపాను గాలికి కొబ్బరిచెట్టు వంగి లేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కాబట్టి ఇక్కడివాళ్లకు గాలిదెబ్బ గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ తాటిమాను అంత వంగదు. పాత ఇళ్లకు తాటి దూలాలు వేసింది అది వంగదనే కదా.

పోనీ, చెట్టు వంగిందనే అనుకుందాం. గోడ దాటారనే అనుకుందాం. లోపల దిగేదెలా? 30 మీటర్లు పడి, రాతినేలమీద అర మీటరులో ఆగితే అరవై రెట్ల భారం. 80 కిలోల సైనికుడిమీద దాదాపు ఐదు టన్నులు. చుట్టూ ఉన్న డాళ్లు కాపాడవా అంటే, అవి దెబ్బను అందరికీ పంచుతాయేమో కానీ ఆగే దూరాన్ని పెంచలేవు. లోహం పత్తిలా అణగదు. అందరూ నవ్వుకున్న ఎగరడమే కాస్త నమ్మదగ్గది. ఎవరూ పట్టించుకోని దిగడమే అసలు అసాధ్యం!

తెర వెనక తాడు

మరి తెరమీద ఇవన్నీ ఎలా జరుగుతున్నాయి? ఫైటర్ నడుముకు దుస్తుల లోపల పట్టీ కడతారు. దానికి సన్నని తీగో తాడో తగిలించి, క్రేన్‌కు కట్టిన కప్పీ మీదుగా తెచ్చి, అవతల మనుషులు పట్టుకుంటారు. హీరో కాలు ఛాతీకి తగిలీ తగలకముందే ఫైట్ మాస్టర్ కేక వేస్తాడు. వాళ్లంతా ఒక్క ఉదుటున లాగుతారు. తన్నించుకున్నవాడు ముప్పై అడుగులు వెనక్కి పోతాడు. తీగను తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తారు. హీరో కాలిదని మనం చప్పట్లు కొట్టే బలం, కెమెరాకు అవతల తాడు లాగిన వాళ్లది. వాడరేవులో వల లాగేవాళ్లు అది చూస్తే ఆశ్చర్యపోరు. తమ పనే ఇంకోచోట జరుగుతోందనుకుంటారు.

దిగడానికీ ఏర్పాటుంది. ఎత్తునుంచి పడే ఫైటర్ కోసం కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు పరుస్తారు. లేదంటే గాలి నింపిన పెద్ద సంచి పెడతారు. పెట్టెలు ఒక్కొక్కటే నలుగుతూ ఆగే దూరాన్ని మీటరుకో, రెండు మీటర్లకో పెంచుతాయి. అంటే ఫైట్ మాస్టరూ న్యూటన్ శిష్యుడే. పలక పట్టి లెక్క వేయకపోయినా, ఏ ఎత్తుకు ఎన్ని వరసల పెట్టెలు కావాలో అతనికి తెలుసు. ఆ తెలివి తప్పినరోజున ప్రాణాలు పోతాయి.

2016 నవంబరు 7న బెంగళూరుకు దగ్గర్లోని తిప్పగొండనహళ్లి జలాశయంలో అదే జరిగింది. కన్నడ సినిమా 'మాస్తి గుడి' పతాక సన్నివేశం కోసం ముగ్గురు హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకారు. హీరో బయటపడ్డాడు. అనిల్, ఉదయ్ అనే ఇద్దరు నటులు మునిగిపోయారు. దూకడం బ్రహ్మాండంగా కెమెరాకు దొరికింది. కిందికి వచ్చాక ఏం చేయాలన్న ఏర్పాటే సరిగ్గా లేకపోయింది.

ఇన్నేళ్లకు ప్రపంచం వీళ్లవైపు చూస్తోంది. 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలుపెట్టి స్టంట్ల రూపకల్పనకు ఆస్కార్ ఇస్తామని అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ ప్రకటనతో పాటు విడుదల చేసిన చిత్రంలో మన 'ఆర్ఆర్ఆర్' దృశ్యం కూడా ఉంది.

ఇక్కడ రీటేకు లేదు

సినిమా లెక్కలన్నీ సరదాకే. వాడరేవులో మాత్రం ఒక లెక్క తప్పితే ప్రాణంమీదికొస్తుంది. హీరో అలల్లోకి దూకి, మునిగిపోతున్న మనిషిని జుట్టుపట్టి ఒడ్డుకు లాక్కొచ్చే దృశ్యం మనం లెక్కలేనన్నిసార్లు చూశాం. ఈ తీరంలో సెలవురోజున సరదాగా స్నానానికి దిగి తిరిగిరాని పిల్లల వార్తలూ అంతే తరచుగా చదువుతున్నాం. ఒకణ్ని రక్షించబోయి ఇంకొకడు, వాడికోసం మరొకడు... ఒకే కళాశాల నుంచి వచ్చిన స్నేహితులు అలా పోవడం చాలా తల్లిదండ్రుల గుండెకోత.

అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు ఎలాగోలా వెనక్కి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ లోతైన సందు దొరికితే అక్కడ ఏరులా చేరి వేగంగా లోపలికి పరుగెడతాయి. పైకి చూస్తే అక్కడ అల విరగదు. అటూ ఇటూ నురగ ఉంటే మధ్యలో నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. ఈత రానివాళ్లకు అదే మంచి చోటనిపిస్తుంది. ఆ ప్రవాహం ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. ఒలింపిక్స్ వీరుడు వంద మీటర్లు 46, 47 సెకన్లలో ఈదుతాడు. అంటే అతని వేగమూ సెకనుకు 2 మీటర్ల పైచిలుకే. దానికి ఎదురీదితే అతనే ఉన్నచోట ఉంటాడు. మామూలు మనిషి ఐదు నిమిషాల్లో అలిసిపోతాడు. మునిగేది ఆ అలసటవల్లే.

అందుకే ఒడ్డువైపు ఈదకూడదు. ఆ ఏరు వెడల్పు తక్కువ. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే దానిలోంచి బయటపడొచ్చు. తర్వాత అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డునున్నవాళ్లు హీరోల్లా దూకొద్దు. మునిగేవాడు దొరికినదాన్ని వాటేసుకుంటాడు, ఇద్దరూ మునుగుతారు. మూతపెట్టిన ఖాళీ నీళ్ల డబ్బా, బంతి, తాడు, ఏది దొరికితే అది విసరాలి. దగ్గర్లోని మత్స్యకారులనూ పోలీసులనూ కేకేయాలి. ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో దిగకముందే వాళ్లను అడిగితే ఇంకా మంచిది.

చీకటి పడుతుండగా ఓ బోటు ఒడ్డుకొస్తోంది. వెనక నిలబడ్డ పెద్దాయన తొందరపడలేదు. రెండు అలల్ని పోనిచ్చాడు. మూడో అల వీపుమీదికి బోటునెక్కించి, అదను చూసి ఇంజను ఆపేశాడు. అల విరిగి పరుచుకుంది. బోటు దానితోపాటే జారుతూ వచ్చి, ఇసుకలో మెత్తగా ఆగింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. పదిమంది వెళ్లి తాడందుకున్నారు.

కుర్రాళ్లు ఇంకా సినిమా తీస్తూనే ఉన్నారు. ఈసారి సన్నివేశాన్ని నీళ్లలోకి మార్చారు. హీరో మోకాలిలోతులో నిలబడి, నురగలేని చోటువైపు నడుస్తున్నాడు. తాడు పట్టుకున్న పెద్దాయన తలతిప్పి చూశాడు. 'ఒరే అబ్బాయ్! అటుగాదు, ఇటు రండి' అని గట్టిగా అరిచాడు. కుర్రాళ్లు ఆగారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒడ్డుకొచ్చేశారు. పెద్దాయన తాడును మళ్లీ భుజానికెత్తుకున్నాడు. 'ఊరకే చూస్తారేం, ఓ చెయ్యేయండి' అన్నాడు. నలుగురూ ఫోను పక్కనపెట్టి, మడమలు ఇసుకలో పాతి తాడు పట్టుకున్నారు. బోటు కదిలింది.

వెళ్లాలంటే...

విజయవాడ-చెన్నై రైలు మార్గంలో చీరాల స్టేషన్లో దిగాలి. అక్కడినుంచి ఆటోలో అరగంటలోపే వాడరేవు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల చేపలవేటపై నిషేధం ఉంటుంది. బోట్లు ఒడ్డుకు చేరే సందడి చూడాలనుకునేవాళ్లు ఆ రెండు నెలలూ తప్పించి వెళ్లడం మంచిది.